ఆవు ఎందుకాగింది

పెద్దపంజాణికి నాలుగు కిలోమీటర్ల అవతల ఒక పల్లె. ఆ పల్లెలో గంగాదేవి ఇల్లు ఏదని అడిగితే, "మైకు కృష్ణప్ప పెండ్లామా?" అని ఒకసారి రూఢి చేసుకుని ఆ తర్వాతే దారి చూపిస్తారు. కృష్ణప్పకు ఒక ఆటో, ఆటో మీద రెండు మైకులు ఉన్నాయి. జాతరలకూ, కంటి శిబిరాలకూ, రేపు కుళాయి నీళ్లు రావని చెప్పడానికీ, చివరికి తప్పిపోయిన మేకపోతు కోసం కూడా ఆయనే ఊరూరూ తిరిగి కేకేస్తాడు. ముప్పయ్యేళ్లుగా అదే పని కావడంతో మైకు లేకపోయినా ఆయన గొంతు అదే ఎత్తులో ఉండిపోయింది. అన్నం ముందు కూర్చుని ఉప్పు అడిగితే మూడిళ్ల అవతల వాళ్లు కూడా ఉప్పు డబ్బా కోసం వెతుక్కుంటారని పల్లెలో నవ్వుకుంటారు.

ఆ గొంతు చెల్లని చోటు ఒకటే ఉంది. ఇంటి వెనకాల ఆవుల కొట్టం. పెండ్లయిన కొత్తలో ఒకరోజు పొద్దున గంగాదేవి పాలు పిండుతుంటే కృష్ణప్ప వెనకనుంచి వచ్చి, "సొక్కా యాడ పెట్టినావు?" అని అడిగాడు. ఆవు ఒక్క తన్ను తన్నింది. పాల చెంబు ఎగిరి ఆయన కాళ్ల దగ్గరే పడింది. గంగాదేవికి అప్పుడు ఇరవై ఏళ్లు, కొత్త కోడలు. అయినా లేచి నిలబడి మెల్లగా చెప్పింది.

"ఏమబ్బా, నీకేం కావాలన్నా ఆ దడి దగ్గర నిలబడి చెయ్యూపు. నేనొస్తాను. ఈడ మాత్రం మాట్లాడొద్దు."

కృష్ణప్ప మంచివాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా దడి దగ్గరే నిలబడి చెయ్యూపుతాడు.

పశువుల సంగతి గంగాదేవికి ఎవరో కూర్చోబెట్టి నేర్పింది కాదు. ఆమె పుట్టిల్లు కుప్పం అవతల, తమిళం సగం తెలుగు సగం మాట్లాడే పల్లె. తండ్రి బైరప్ప చుట్టుపక్కల వాళ్ల కోడెదూడలకు కాడి అలవాటు చేసిపెట్టేవాడు. తొమ్మిదేళ్లప్పుడు గంగాదేవి నాన్నకు మజ్జిగ చెంబు తీసుకుని పరుగెత్తుతూ ఒక ఆవు వెనకనుంచి పోయింది. ఆ ఆవు తన్నిన తన్నుకు మోకాలి కింద ఎముక విరిగింది. పిల్ల ఏడుస్తుంటే బైరప్ప ముందు ఆవు దగ్గరికి పోయి దాని మెడ నిమిరాడు. అది చూసి గంగాదేవికి కాలు నొప్పి కంటే నాన్న మీద కోపమే ఎక్కువై ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆవు సర్దుకున్నాక ఆయన వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు.

"ఎవురో ఎనకనుంచి ఒచ్చి నీ ఈపు మీద చెయ్యేస్తే నువ్వేం చేస్తావు?"

"ఉలిక్కిపడతాను."

"అదీ అంతే కదమ్మా. దాని కండ్లు రెండు పక్కలా ఉండాయి. పక్కనుండేదంతా దానికి కనపడతాది. తోక ఎనకాల నిలబడినోళ్లు మాత్రం కానరారు. నువ్వు యాడుండావో ముందు దానికి తెలియజెయ్యి. ఆ మీద పో."

కట్టు కట్టి నలభై రోజులు కదలొద్దన్నారు. బడి లేదు, ఆట లేదు. వాకిట్లో మంచం మీద పడుకుని ఎదురుగా ఉన్న కొట్టం తప్ప చూడ్డానికి ఏమీ లేదు. ఆ నలభై రోజులూ ఆ పిల్ల పశువులనే చూసింది. తొట్టి దగ్గర ఏది ముందు తాగుతుందో, ఏది దానికి దారి ఇస్తుందో గమనించింది. కుక్క మొరిగే ముందే ఏ ఆవు చెవులు తిప్పుతుందో కనిపెట్టింది. అనుమానం వచ్చిన దాన్ని ఆవు తల కిందికి వంచి చూస్తుందనీ, భయపడితే తల పైకెత్తుతుందనీ ఆమెకు అర్థమైంది. దారిలో ముందున్న ఆవు ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి. అప్పుడు వెనకదాన్ని కొట్టే మనుషులను చూస్తే ఆమెకు నవ్వొచ్చేది. కట్టు విప్పేసరికి ఆ కొట్టంలో ఉన్న తొమ్మిదింటి మనసూ ఆమెకు తెలుసు.

ఆ తర్వాత పెండ్లి, ఇద్దరు కొడుకులు, రెండావులు, వేరుశనగ చేను. ముప్పయ్యేళ్లు అలాగే గడిచాయి. తనకు ఏదో ప్రత్యేకంగా తెలుసని గంగాదేవి ఎప్పుడూ అనుకోలేదు.

మూడేళ్ల కిందట గాలికుంటు టీకాలు వేయడానికి ఆ పల్లెకు కొత్తగా ఒక పశువుల డాక్టరు వచ్చింది. పేరు కుసుమ. మదనపల్లెలో పుట్టి పెరిగిన అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో ఆవులకూ గోడలకూ మధ్య ఇరుక్కుని రెండుసార్లు చేతివేళ్లు నలిగాయి. గంగాదేవి ఇంటికి వచ్చి అలవాటుగా, "తాడు ఎక్కడుందక్కా? ఇద్దరు మొగోళ్లను పిలువు," అంది.

"తాడేంటికి మేడమ్మా? సూది గబుక్కున వెయ్యకుండా నిదానంగా వెయ్యి, సాలు."

గంగాదేవి ఆవు భుజం పక్కన నిలబడి మెడ కింద అరచెయ్యి పెట్టింది. ఏదో చెప్తున్నట్టు నోట్లోనే గొణిగింది. కుసుమ సూది వేసింది. ఆవు నెమరు వేయడం కూడా ఆపలేదు. రెండో ఆవు కూడా అంతే. కుసుమ ఖాళీ సిరంజికి మూత పెట్టి గంగాదేవి వైపు తిరిగింది.

"నువ్వు దాంతో ఏం చెప్పినావక్కా?"

"ఏముండాది చెప్పేదానికి? ఈరోజు ఎండ ఎక్కువగా ఉండాదే అన్నాను."

కుసుమ ఆ మాట మరిచిపోలేదు. రెండు వారాల తర్వాత పొద్దున్నే స్కూటరు మీద మళ్లీ వచ్చింది. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో మునిరాజ అనే రైతుకు పెద్ద పాడి ఫారం ఉంది. ముప్పై రెండు సీమావులు, కొత్త షెడ్డు, పాలు పిండే మిషను, పైన ఫ్యాన్లు. మూడు తరాలుగా భూమి ఉన్న ఇల్లు. టమాటా మానేసి ఎంతో ఇష్టంగా ఈ ఫారం పెట్టాడు. నాలుగు నెలల నుంచి అక్కడ ఏమీ సాగడం లేదు. ఆవులు మిషను దగ్గరికి రావు, వచ్చినా తంతాయి, పాలు చేపవు, పొదుగు నిండా ఉన్నా కిందికి వదలవు. దాణా మార్చాడు, మందులు పోశాడు, గేటు దిక్కు మార్చాడు, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టాడు. పాలు సగానికి పడిపోయాయి. కిందటిసారి టీకాలకు పోతే ఆవులు కంచె విరగ్గొట్టుకుని పోయాయి, దిలీప్ అనే పనివాడికి భుజం ఎముక జారింది.

"ఈరోజు మళ్లీ టీకాలు. నువ్వు ఒక్కసారి వస్తావా అక్కా?" అంది కుసుమ.

"ముప్పై రెండంటే నాకు భయమమ్మా," అంది గంగాదేవి. అయినా చెంగు దోపుకుని స్కూటరెక్కింది.

వాళ్లు పోయేసరికి ఫారంలో అప్పటికే గోల మొదలైంది. మోకాళ్ల దాకా గంబూట్లు తొడుక్కున్న నలుగురు మనుషులు కట్టెలు పట్టుకుని ఈలలు వేస్తూ ఆవులను కటకటాల సందులోకి తోలుతున్నారు. సందు అంటే రెండు వైపులా ఇనుప గొట్టాలు పెట్టి ఆవులు ఒకదాని వెనక ఒకటి పోయేలా కట్టిన దారి. మొదటి ఆవు సందు మూతి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. వెనకున్నవి తోసుకుంటున్నాయి, కండ్లు తేలేస్తున్నాయి.

మునిరాజ గంగాదేవిని కిందినుంచి పైదాకా చూసి కుసుమను పక్కకు పిలిచాడు. "మేడమ్, ఈయమ్మ రెండావులు మేపుకునే మనిషి అంట కదా. ఈమేం చేస్తాది?"

ఆ మాట గంగాదేవికి వినపడింది. ఆమెకు కోపం రాలేదు, నిజమే కదా అనిపించింది. "అప్పా, ఒక పని చెప్తాను, కోపగించుకోవద్దు," అంది. "నువ్వూ, మీ మనుసులూ ఆ సెట్టు కింద కూసోండి. టీ తెప్పించుకుని తాగండి. అరగంట ఈడికి ఎవురూ రావొద్దు."

"టీకాలు వెయ్యాల్నా, టీ తాగాల్నా?"

"ముందు టీనే."

వాళ్లు నవ్వుకుంటూ పోయి కూర్చున్నారు. గంగాదేవి కొట్టంలోకి అడుగుపెట్టే ముందు ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచింది. ఒక మూల నిలబడి ఊరికే చూసింది. పావుగంటకు ఆవుల ఊపిరి నెమ్మదించింది. ఒకటి తోక ఊపింది, ఇంకొకటి పేడ వేసింది, మరొకటి నెమరు మొదలుపెట్టింది. అప్పుడు ఆమె ఆవు తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు వంగి, సందులోంచి తానే నడిచింది. చెట్టు కింద దిలీప్ టీ గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆపేశాడు. "ఈయమ్మకు ఏమైనా అయ్యిందా?" అని పక్కవాడిని అడిగాడు.

సందు మలుపులో గంగాదేవి ఆగింది. ఎదురుగా ఫారం ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ వేలాడుతోంది. మెడలో పూలదండతో మునిరాజ నిలువెత్తు ఫోటో. కింది మూల చినిగి గాలికి టపటప కొట్టుకుంటోంది. ఇంకా లోపలికి పోతే సందు చివర చీకటి. బయట ఎండ మండిపోతోంది, ఆ వెలుతురులోంచి చూసే కళ్లకు అది గుహలా ఉంది. ఆమె వెనక్కి వచ్చి మునిరాజను పిలిచింది.

"ఆ ఫ్లెక్సీ తీయించప్పా. ఆ చివర తలుపు కూడా తెరిపించు, ఎలుగు రావాల."

"నా ఫోటో సూసి బెదురుతాండాయా?" అన్నాడు మునిరాజ.

"నిన్ను సూసి కాదులేప్పా. నీ కాళ్ల దగ్గర చినిగిపోయింది, అది కొట్టుకుంటాంది. దాన్ని సూసి."

కుసుమ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. ఫ్లెక్సీ విప్పారు, తలుపు తీశారు. గంగాదేవి కట్టెలన్నీ గోడకు ఆనించమంది. ఈలలు వద్దంది. ఎర్రమచ్చల ఆవు ఒకటి మిగతావాటికి పెద్ద అని ఆమె అప్పటికే కనిపెట్టింది. దాని భుజానికి కాస్త వెనకగా, పక్కనుంచి రెండడుగులు వేసింది. ఆవు ముందుకు కదిలింది. ఆమె ఆగింది, ఆవూ ఆగింది. సందు మూతి దగ్గర అది తల వంచి నేలను వాసన చూస్తుంటే దిలీప్ అదిలించబోయాడు. గంగాదేవి చెయ్యి అడ్డం పెట్టింది.

"సూడనీప్పా. కొత్త ఇంట్లోకి పోతే నువ్వు సూడవా?"

ఎర్రమచ్చలది చూసుకుంది, నడిచింది. దాని వెనక మిగతావి ఒక్కొక్కటిగా నడిచాయి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముప్పై రెండింటికీ టీకాలు పడ్డాయి. కిందటిసారి రెండు రోజులు పట్టిన పని అది. కుసుమ వేళ్లు పదీ బాగానే ఉన్నాయి.

అన్నం తిని పోదామని కుసుమ పిలిస్తే గంగాదేవి కదల్లేదు. ఆవులను పోగేసి అల్లరి పెట్టినందువల్ల వచ్చిన బెదురు ఒక్కటే కాదు ఇది, ఇంకేదో ఉంది అని ఆమెకు తోచింది. టీకాకు భయపడే ఆవు పాలెందుకు ఇవ్వదు? నాలుగు నెలలుగా ఎందుకు?

వాటిలో ఒక నల్లావు ఉంది. పనివాళ్లు దానికి రౌడీ అని పేరు పెట్టారు. పాలు పిండే చోటికి పోతే చాలు అన్నిటికంటే ముందు అదే తన్నేది. గురువారం దాన్ని తీసుకుపోవడానికి సంతబేరగాడు వస్తాడని మునిరాజ చెప్పాడు. గంగాదేవి నీళ్ల తొట్టి దగ్గర గట్టు మీద కూర్చుని దాన్నే చూసింది. రౌడీ తొట్టిలో మూతి ముంచి గటగటా నీళ్లు పీల్చింది. పోట్లాటకు వచ్చే ఆవులా లేదు. పక్కనున్న దూడను నాకింది కూడా.

మూడు గంటలకు దిలీప్ పోయి పాల మిషను మోటారు వేశాడు. ఆ క్షణంలో తొట్టి దగ్గర తాగుతున్న ఐదావులూ ఒకేసారి తలలెత్తాయి. కాసేపటికి దాహం ఆగక మళ్లీ వంగాయి గానీ, మూతి ముంచలేదు. నాలుక చాచి కుక్క నాకినట్టు నాకుతూ, మధ్యలో ఉలిక్కిపడి వెనక్కి జరుగుతున్నాయి.

గంగాదేవి లేచింది. చప్పుడుకు భయమా అనుకుంది. చప్పుడుకైతే చెవులు అటు తిప్పాలి. ఇవి చెవులు తిప్పడం లేదు, కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తున్నాయి. ఆమె ఒట్టి కాళ్లతో తడి నేల మీద నడిచి తొట్టి దగ్గరికి పోయి, తొట్టి పక్కనున్న ఇనుప గొట్టాన్ని తడిచేత్తో ముట్టుకుంది. అరచేతి నుంచి మోచేతిదాకా చీమలు పాకినట్టు జివ్వుమంది. చెయ్యి లాక్కుంది.

"మునిరాజప్పా, మోటారు ఆపమను. మెయిను ఆపమను."

మోటారు ఆగింది. "ఏమైందక్కా?" అంటూ కుసుమ వచ్చింది.

"కరెంటు వస్తాంది ఈ గొట్టంలోకి."

"లేదమ్మా, నేను దినామూ ముట్టుకుంటాండాను," అన్నాడు దిలీప్. "నాకెప్పుడూ కొట్టలా."

గంగాదేవి అతని కాళ్ల వైపు చూసింది. మునిరాజ కూడా చూశాడు. దిలీప్ తన గంబూట్లు తానే చూసుకున్నాడు. ఆ ఫారంలో పనిచేసే నలుగురికీ, యజమానికీ, డాక్టరుకూ అందరికీ రబ్బరు బూట్లే. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడేవి ఆవులు మాత్రమే.

మదనపల్లె నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి సాయంత్రమైంది. మోటారు వెనకాల తీగ తొడుగును ఎలుక కొరికేసింది. రాగి తీగ ఇనుప చట్రానికి ఆనుకుంది. భూమిలోకి దించిన ఎర్తు తీగ కూడా ఎప్పుడో తెగిపోయింది. మనిషిని పడేసేంత కరెంటు కాదు గానీ, పాలు పిండే ప్రతిపూటా ఆవు మూతికీ, కాళ్లకూ, పొదుగుకూ జివ్వుమనేంత. మోటారుకు అన్నిటికంటే దగ్గరగా నిలబడేది రౌడీ.

ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నంతసేపూ మునిరాజ పక్కనే నిలబడ్డాడు. తర్వాత రౌడీ దగ్గరికి పోయి దాని మెడ మీద చెయ్యి పెట్టాడు. "నాలుగు నెలలు కొట్టించినాను దీన్ని," అన్నాడు.

"తెలిసి చేసింది కాదు కదప్పా," అంది గంగాదేవి. "అది చెప్తానే ఉండాది. మనమే సూడలా."

బేరగాడిని రావద్దని మునిరాజ అప్పుడే ఫోన్ చేశాడు.

తీగ బాగుచేసినంత మాత్రాన ఆవులు మర్నాడే పరుగెత్తుకుంటూ రాలేదు. వాటికి జ్ఞాపకం ఉంటుంది. పన్నెండు రోజులు గంగాదేవి రెండు పూటలా ఫారానికి పోయింది. కృష్ణప్ప ఆటోలో దించేవాడు, అదీ గేటుకు అర ఫర్లాంగు ఇవతల, హారను కొట్టకుండా. గంగాదేవి మోటారు వేయకుండా ఆవులను ఊరికే లోపలికి తోలుకొచ్చి, ఒక గుప్పెడు తవుడు పెట్టి, వెనక్కి పంపేది. మూడు రోజులు అదే. ఆ తర్వాత మోటారు వేసి మిషను పెట్టకుండా పంపేది. ఆ పన్నెండు రోజులూ పాలు బయట చేత్తోనే పిండారు. పదమూడో రోజు రౌడీ తనంతట తానే వచ్చి నిలబడి, కళ్లు సగం మూసుకుని పాలు చేపింది. నెల తిరిగేసరికి పాలు మళ్లీ మునుపటంత అయ్యాయి. మునిరాజ గంగాదేవిని ఫారం చూసుకోమని అడిగాడు. తన ఆవులకూ చేనుకూ ఇబ్బంది కాకుండా పొద్దున పూట వస్తానని ఆమె ఒప్పుకుంది.

దిలీప్‌కు ఈల వేయకుండా ఉండడం చాలా కష్టమైంది. నోరు ఊరికే ఉండదు అతనికి. "ఈల ఒద్దు గానీ పాట పాడుకోప్పా, మెల్లగా," అంది గంగాదేవి. అతను పాడడం మొదలుపెట్టాడు. శ్రుతి లేదు, తాళం లేదు. పనివాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. ఆవులు మాత్రం ఆ గొంతు వినపడితే పాల వేళ అయిందని లేచి నిలబడేవి. తన పాట వినేవాళ్లు ముప్పై రెండు మంది ఉన్నారని దిలీప్ గర్వంగా చెప్పుకునేవాడు.

అన్నీ గెలుపులే అనుకోవడానికి లేదు. ఆ ఏడాది ఉగాది తర్వాత మునిరాజ కొత్తగా ఒక పడ్డను, ఇంకా ఈనని ఆవును, తెచ్చాడు. అప్పటికి పది మంది వచ్చి గంగాదేవిని చూసి పోయారు, పొగిడారు. ఆమెకు కూడా కొంచెం ధీమా వచ్చింది. పడ్డ కొత్తదని తెలిసీ, నిలబడి చూడకుండా ఎడమ పక్కనుంచి నేరుగా పోయి మెడ మీద చెయ్యేసింది. పాత యజమాని దగ్గర ఎడమ పక్కనే దెబ్బలు తిన్నట్టుంది. తల ఒక్క విసురు విసిరింది. గంగాదేవి పోయి పేడగుంతలో నడుం దాకా కూర్చుంది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆమె గుంతలోంచే చెయ్యెత్తి, "దాన్నేం అనొద్దు. నేనే అడగలా," అంది. మూడు రోజులు నడుముకు ఉప్పు కాపడం పెట్టించుకుంది. నాలుగో రోజు కుడి పక్కనుంచి పోయింది.

పోయిన డిసెంబరులో కుప్పంలో పాడి రైతులకు శిక్షణ పెట్టారు. గంగాదేవి వచ్చి మాట్లాడాలని కుసుమ పట్టుబట్టింది. తను పుట్టిన వైపు ఊరు కాబట్టి గంగాదేవికి పోవాలని ఉంది, మాట్లాడాలని లేదు. కృష్ణప్పకు మాత్రం పండగే. మైకు దగ్గర ఎలా నిలబడాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వారం రోజులు నేర్పించాడు. "మైకును సూసి భయపడొద్దు. నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకో. మనం మాట్లాడితే అదే అరుస్తాది," అన్నాడు.

హాల్లో నూట యాభై మంది. ముందు వరుసలో తెల్ల చొక్కాల పెద్ద రైతులు, వెనకాల చీర కొంగులు తలమీద కప్పుకున్న ఆడవాళ్లు. గంగాదేవి మైకు ముందు నిలబడింది. నేర్చుకున్నదంతా పోయింది. పోదామని వెనక్కి తిరగబోయి, వెనక వరుసలో కృష్ణప్పను చూసింది. ఆయన ఆమె కంటే ఎక్కువగా చెమటలు పోసుకుంటున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు రాగానే మాట కూడా వచ్చింది.

"నేను సదువుకోలా. మీ ఆవులు నాకు తెలీవు. మీ ఆవు ఏం చేస్తే మీకు కోపం వస్తాదో మీరు చెప్పండి. ఏంటికి చేస్తాదో తెలిస్తే నేను చెప్తాను. తెలీకపోతే తెలీదని చెప్తాను."

ఒకాయన లేచి తన ఆవు లారీ ఎక్కదన్నాడు. ఎక్కే పలక మీద గడ్డి పరిచారా, కాలి కింద గుల్ల చప్పుడు వస్తుందా అని గంగాదేవి అడిగింది. ఇంకొకాయన ఆవు తన భార్యకు పాలిస్తుంది, తనకు ఇవ్వదన్నాడు. "మీరు బీడీ తాగి పోతారా?" అని అడిగితే హాలంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. గంట అనుకున్నది రెండు గంటలైంది.

చివర్లో వెనకనుంచి ఒక ముసలామె లేచింది. పేరు రాములమ్మ, కుప్పానికి ఆరు కిలోమీటర్ల అవతల పల్లె. "అమ్మా, మా యెనుము వాకిట్లో కట్టేస్తే పాలిస్తాది. కొట్టంలో కట్టేస్తే ఒక్క సుక్క ఇయ్యదు. దాణా అదే, పిండేదీ నేనే. వానొస్తే వాకిట్లో ఎట్ల కట్టేది?"

గంగాదేవి ఆ గేదె గురించి ఆలోచించింది. వెలుతురా, వాసనా, చప్పుడా అని నాలుగు ప్రశ్నలు అడిగింది. ఏదీ కుదరలేదు. "తెలీదమ్మా," అంది. "సూడాల."

"అయితే రా, సూద్దువు," అంది రాములమ్మ.

కుసుమ గడియారం చూసుకుంది. పలమనేరు బస్సుకు గంటే ఉంది. గంగాదేవి అప్పటికే చెంగు దోపుకుంది. కృష్ణప్ప ఒక షేర్ ఆటో మాట్లాడాడు. వేరే వాళ్ల ఆటోలో వెనక సీట్లో కూర్చోవడం ఆయనకు చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి, దారంతా డ్రైవరుకు సలహాలు ఇస్తూ వచ్చాడు.

రాములమ్మ కొట్టం శుభ్రంగా ఉంది. వెలుతురు ఉంది, గాలి ఉంది. గంగాదేవి యెనుమును లోపలికి తెమ్మంది. తానొక బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. రాములమ్మ పొదుగు కడిగింది. యెనుము కదలకుండా నిలబడింది గానీ, వెనక ఎడమకాలు బరువు మోపకుండా కొసన ఆనించి పెట్టుకుంది. పది నిమిషాలైంది. అది కాలు మార్చుకుంది. కిందనున్న రాతిపలక ఒక పక్కకు 'టక్' మని ఒరిగింది. యెనుము ఒళ్లంతా బిగుసుకుంది.

గంగాదేవి యెనుమును పక్కకు జరిపించి, ఆ పలక మీద తానే నిలబడి చూసింది. ఊగింది. గడ్డపార వేసి పలక లేపితే కింద వానకు మట్టి కొట్టుకుపోయి జానెడు గుంత. ఆ పలక మీద అది ఎప్పుడో ఒకసారి జారి ఉంటుంది. కాళ్ల కింద నేల గట్టిగా లేకపోతే ఎవరికైనా ఒళ్లు వదులవుతుందా? కృష్ణప్ప పంచె ఎగ్గట్టి రెండు గంపల గులకమట్టి తెచ్చి పోశాడు, కుసుమ కాలితో తొక్కింది, రాములమ్మ పలక సరిచేసింది. పొద్దు వాలేసరికి యెనుము నాలుగు కాళ్లూ ఆనించి నిలబడింది. మొదటి ధార చెంబులో మోగేటప్పటికి రాములమ్మ మొహం వెలిగిపోయింది.

బస్సు ఎప్పుడో పోయింది. ఆ రాత్రికి ముగ్గురూ అక్కడే రాగిసంగటి, వేరుశనగ గింజలు నూరిన ఊరిబిండి తిని పడుకున్నారు.

తెల్లవారి గంగాదేవి ముఖం కడుక్కోవడానికి బయటికి వచ్చేసరికి వాకిట్లో అరుగు మీద ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె ఆవు కుడివైపు దారి పట్టదట. ఒకామె దూడ కొత్త తొట్టిలో నీళ్లు ముట్టదట. మిగతా ముగ్గురూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. పొద్దున బస్సుకు టైమవుతోందని కుసుమ లోపలినుంచి పిలిచింది.

గంగాదేవి కొంగుతో ముఖం తుడుచుకుని వాళ్ల పక్కన అరుగు మీద కూర్చుంది.

"మీలో ఎవురి ఇల్లు దగ్గర?" అని అడిగింది.